పదమూడు ముక్కలాట నుంచి మూడు ముక్కలాటకి

పాత్ ఆఫ్ ఎగ్జైల్ అనే కంప్యూటర్ ఆట కొత్తగా మొదలుపెట్టినవాడు ఎవరైనా సలహా అడిగితే, ఏ క్లాసు తీసుకోవాలి, ఏ స్కిల్ వాడాలి అన్న మాటలకంటే ముందు పాతవాళ్లు చెప్పేది ఒకటుంది: "ముందు లూట్ ఫిల్టర్ పెట్టుకో." ఫిల్టర్ అంటే మరేం కాదు, ఒక టెక్స్ట్ ఫైలు. నేల మీద పడ్డవాటిలో ఏది కనిపించాలి, ఏది దాక్కోవాలి, ఏది పడితే చప్పుడు రావాలి అని అందులో రాసుంటుంది. ఓపికున్న ఆటగాడెవరో తయారుచేసి పెడతాడు, మిగతా అందరం దింపుకుని వాడుకుంటాం. అది లేకుండా, కథ అయిపోయాక సాగే ఎండ్‌గేమ్‌లో ఒక్క మ్యాప్ ఆడి చూడండి. ఒక రాక్షసుల గుంపుని చంపగానే తెర మీద నేల మాయమవుతుంది. బూట్లు, డాళ్లు, విల్లులు, బెల్టులు, తొడుగులు, పేరు మీద పేరు. మధ్యలో మీ క్యారెక్టర్ ఎక్కడుందో వెతుక్కోవాలి. ఫిల్టర్ పెట్టగానే ఆ గోలంతా పోయి ఎప్పుడో ఒక పేరు మిగులుతుంది.

అంటే ఆట మనకిచ్చే బహుమానాల్లో దాదాపు అన్నిటినీ కంటికి ఆనకుండా చేసుకోవడంతోనే ఆ ఆట మొదలవుతుంది. దీన్ని అందరూ ఎంత మామూలుగా తీసుకుంటారో చూస్తే నాకు ఆశ్చర్యంగా ఉంటుంది.

నా గొడవ అదృష్టంతో కాదు. పాచిక లేకపోతే యాక్షన్ ఆర్‌పీజీలు, అంటే రాక్షసుల్ని చంపి సామాను పోగేసుకునే ఈ జాతి ఆటలే లేవు. అరుదైనది అరుదుగానే దొరకాలి, అందులో పేచీ లేదు. రాత్రి గంటసేపు ఆడి ఏమీ దొరక్కుండా లేచినా నిద్ర పడుతుంది. నాకు ఒళ్లు మండేది పాచికని ఎక్కడ పెట్టారన్న దగ్గర. నేను ఆలోచించక ముందు పడే పాచిక వేరు, నా ఆలోచనంతా అయిపోయాక పడే పాచిక వేరు. మొదటి రకం పడ్డాక నేను ఏదో చెయ్యాలి. రెండో రకం పడ్డాక నేను చేసేదేమీ లేదు, మళ్లీ వెయ్యడం తప్ప. ఇప్పటి యాక్షన్ ఆర్‌పీజీల ఎండ్‌గేములు నిండా ఈ రెండో రకమే.

మొదటి రకం ఎలా ఉంటుందో తెలియాలంటే డయాబ్లో 2 దగ్గరకి వెళ్లాలి. అది వచ్చింది 2000లో. మరుసటి ఏడు లార్డ్ ఆఫ్ డిస్ట్రక్షన్ విస్తరణతో రూన్లు అనే చిన్న రాళ్లు వచ్చాయి. ఎల్ నుంచి జాడ్ దాకా మొత్తం 33. సరిపడా రంధ్రాలున్న మామూలు వస్తువులో సరైన రూన్లని సరైన వరుసలో గుచ్చితే రూన్‌వర్డ్ అవుతుంది. టాల్, థుల్, ఆర్ట్, ఆమ్న్ ఈ వరుసలో నాలుగు రంధ్రాల కత్తిలో పెడితే స్పిరిట్. అన్ని స్కిల్స్‌కీ +2, మంత్రం వేసే వేగం 25 నుంచి 35 శాతం పెరుగుతుంది. సోర్సరెస్ (మంత్రగత్తె పాత్ర) ఆడేవాళ్లు చాలామంది దాన్ని చివరిదాకా చేతిలోంచి దించరు.

ఆ నాలుగు రూన్లలో ఏదీ అపురూపమైనది కాదు. నైట్‌మేర్ అనే రెండో కష్టస్థాయిలో బ్లాక్ మార్ష్‌కి వెళ్లి, ఫర్‌గాటెన్ టవర్ మెట్లు దిగి, అడుగున ఉన్న కౌంటెస్‌ని చంపుతూ ఉంటే వస్తాయి. ఏ సారి ఏది వస్తుందో తెలియదు. కానీ వచ్చిన ప్రతిదీ ఒక ప్రశ్న వేస్తుంది. ఆర్ట్ మళ్లీ పడింది. మూడు ఆర్ట్‌లు క్యూబ్ అనే మాయపెట్టెలో వేస్తే ఒక థుల్ వస్తుంది. మరి మూడూ ఇచ్చేస్తే కత్తికి కావలసిన ఆర్ట్ సంగతేంటి? నాలుగు రూన్లూ చేరాయి, కత్తి లేదు. క్రిస్టల్ స్వోర్డ్ దొరికింది గానీ దానికి రంధ్రాలు లేవు. లార్జుక్ అనే కమ్మరి క్వెస్టు బహుమతిగా ఒక్క వస్తువుకే రంధ్రాలు వేస్తాడు, ఒక్కో కష్టస్థాయికి ఒక్కసారే. ఈ కత్తికి వాడేయాలా, ఇంకేదైనా మంచిది పడుతుందని ఆగాలా? అప్పటిదాకా ఎవరూ వంగి ఎత్తని తెల్ల (మామూలు రకం) కత్తి ఒకటి ఇప్పుడు సంచీలో చోటు అడుగుతోంది.

పాచిక పడింది, ఆ తర్వాత నా వంతు మొదలైంది. అంతే నేను కోరేది.

డయాబ్లో 2ని మరీ నెత్తిన పెట్టుకోను. జా, ఇథ్, బెర్ కలిపితే వచ్చే ఎనిగ్మా కవచం ఏ క్లాసుకైనా చిటికెలో ఇంకోచోటికి గెంతే టెలిపోర్ట్ మంత్రం ఇస్తుంది, దాని కోసం ఏళ్ల తరబడి తిరిగినవాళ్లున్నారు. జా గానీ బెర్ గానీ పడటం అనేది నేరుగా లాటరీయే. అయినా అక్కడ కూడా కింది రూన్లు రెండింటికి ఒక రత్నం చేర్చి పైదానికి ఎక్కే దారి ఉంచారు. నత్తనడకే అయినా అది నడకే. ఇవాళ ఎండ్‌గేముల్లో చాలాచోట్ల ఆ మాత్రం కూడా లేదు.

ఈ తేడాని ఇంతకంటే పద్ధతిగా తేల్చి చెప్పింది గేమ్ డిజైనర్లు కాదు, మన సుప్రీంకోర్టు. అదీ సికింద్రాబాద్ పేకాట కేసులో. అక్కడొక రిక్రియేషన్ క్లబ్బు మీద పోలీసులు దాడి చేసి, ఇది జూదపు కొంప అని కేసు పెట్టారు. క్లబ్బువాళ్లు మేం ఆడేది రమ్మీ అన్నారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1967 నవంబర్‌లో వచ్చిన తీర్పులో కోర్టు అన్నదాని సారం ఇది: రమ్మీ మూడు ముక్కలాట లాంటిది కాదు. ఏ ముక్కలు పడిపోయాయో గుర్తుపెట్టుకోవాలి, ఏది పట్టుకోవాలో ఏది పారేయాలో తెలియాలి, కాబట్టి ఇందులో నైపుణ్యమే ఎక్కువ. పేక కలిపి పంచడంలో అదృష్టం లేదా అంటే ఉంది, బ్రిడ్జిలో ఉన్నట్టే. (తర్వాత తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని నిషేధించాయి. అది డబ్బు గొడవ, ఆ అప్పుల కథలు మనందరికీ తెలుసు. నేను మాట్లాడుతున్నది పైసా పెట్టని ఆట గురించి.)

సంక్రాంతి సెలవుల్లో చాప మీద కూర్చుని పదమూడు ముక్కలు ఆడినవాళ్లకి ఈ తీర్పు చదవక్కర్లేదు. పంచినప్పుడు చెత్త పడింది. సీక్వెన్స్ లేదు, జోకర్ లేదు. అయినా ఎదురుగా ఉన్న బాబాయి ఇస్పేటు ఎనిమిది ఎత్తుకున్నాడు, అంటే ఏడో తొమ్మిదో నేను వదలకూడదు. నాకు పనికిరాని ముక్క కూడా ఆయన్ని ఆపడానికి పనికొస్తోంది. నాలుగు చేతులు తిరిగేసరికి ఆట ఎటైనా పోవచ్చు. మూడు ముక్కలాటలో అదేం లేదు. పందెం పెంచొచ్చు, పడేసి లేవొచ్చు, చేతిలో ముక్కలు మాత్రం మారవు.

యాక్షన్ ఆర్‌పీజీ మొదటి ముప్పై నలభై గంటలు పదమూడు ముక్కలాట. నేను నిప్పు మంత్రాలతో పోదామనుకున్నాను, మంచి మంచు కర్ర ఒకటి పడింది. ఇప్పుడు ఇటు తిరగాలా? నా కవచం బాగుంది కానీ విషాన్ని ఆపదు, కొత్తది విషాన్ని ఆపుతుంది కానీ ప్రాణం తగ్గుతుంది. పడే ప్రతి వస్తువు (డ్రాప్) మీదా ఒక చిన్న పంచాయితీ. ఎండ్‌గేమ్‌కి వచ్చేసరికి ఈ పంచాయితీలన్నీ ముగిసిపోతాయి. బిల్డ్, అంటే పాత్రకి ఏ స్కిల్స్, ఏ సామాను అన్న కూర్పు, ఖాయమైంది. టోపీ ఏదో, దాని మీద ఏ గుణాలుండాలో, ఏ గుణం ఎంతకి తగ్గకూడదో గైడులో వరుసగా రాసుంది. ఇక నేల మీద పడే ప్రతి వస్తువుకీ రెండే జవాబులు: అదే, అది కాదు. అదైతే తీసుకుంటాం, కాకపోతే ఫిల్టరే దాచేస్తుంది. నేను బుర్ర పెట్టే చోటు ఎక్కడా లేదు. చేతులు మాత్రం ఆడుతుంటాయి.

గైడు చదవడం మానేయొచ్చు కదా అనొచ్చు. కొంతవరకు నిజమే, గైడు లేకుండా ఆడితే ప్రశ్నలు ఇంకొంతకాలం బతుకుతాయి. కానీ ఎండ్‌గేమ్ కష్టస్థాయిని ఆ గైడుల్లోని అంకెలు ఉన్నవాళ్లకే తూచి పెట్టినప్పుడు, గైడు చదవనివాడు కూడా ఇంకో దారిలో అదే జాబితా దగ్గరకి చేరుకుంటాడు. కొంచెం ఆలస్యంగా, అంతే.

ఇలాంటి వ్యాసాల్లో ఇక్కడికొచ్చేసరికి మనస్తత్వవేత్త స్కిన్నర్‌నీ ఆయన పావురాల్నీ తీసుకురావడం ఆనవాయితీ. ఎప్పుడు గింజ పడుతుందో తెలియకపోతే పావురం మీట మరీ ఎక్కువగా పొడుస్తుంది, మనమూ అంతే అని. ఉపయోగపడే మాటే కానీ సగం మాటే. పావురం దగ్గర బిల్డ్ గైడు లేదు. తనకి కావలసిన గింజ ఏదో, దానికి ఎన్ని చుక్కలుండాలో దానికి ముందే తెలియదు. ఏ గింజ పడినా సంతోషమే. ఎండ్‌గేమ్ ఆటగాడి బాధ వేరు: వెయ్యి గింజలు పడుతూనే ఉంటాయి, ఒక్కటీ తినడానికి పనికిరాదు.

డయాబ్లో 4 తీసుకుందాం. 2023 జూన్‌లో వచ్చింది. సామాను గజిబిజిగా ఉందని, సంచీ నిండా చెత్తేనని జనం మొత్తుకున్నారు. 2024 మే నెలలో నాలుగో సీజన్‌తో సామాను వ్యవస్థ మొత్తం తిరగరాశారు. చాలా బాగు చేశారు, దాన్ని కాదనను. నేల మీద పడే వస్తువులు తగ్గాయి, గుణాలు తేటపడ్డాయి, లెజెండరీల, అంటే అరుదైన ప్రత్యేక వస్తువుల, శక్తిని ఒకసారి కరిగిస్తే కోడెక్స్‌లో శాశ్వతంగా ఉండిపోయేలా చేశారు. ఇవన్నీ పదమూడు ముక్కల వైపు వేసిన అడుగులే. ఆ చేత్తోనే టెంపరింగ్, మాస్టర్‌వర్కింగ్ అని రెండు తగిలించారు.

2025 డిసెంబర్‌లో పదకొండో సీజన్‌తో ఈ రెండిటినీ మార్చేశారు, నేను చెప్పేది అంతకుముందటి సంగతి. టెంపరింగ్ అంటే వస్తువుకి అదనంగా ఒక గుణం అద్దడం. ఏ కోవలోది కావాలో మనం ఎంచుకునేవాళ్లం, ఆ కోవలో ఏది తగులుతుందో పాచిక తేల్చేది. నచ్చకపోతే మళ్లీ వేసే వీలుండేది, కానీ లెక్కపెట్టిన సార్లే. అవి అయిపోతే ఆఖరికి తగిలిందే ఖాయం. ఒక కోవలో నాలుగు గుణాలున్నాయి, మనకి ఒకటే కావాలి, ఐదు అవకాశాలున్నాయి అనుకోండి. ఐదుసార్లూ తప్పే అవకాశం దాదాపు 24 శాతం. అంటే నాలుగు వస్తువుల్లో ఒకటి చేతుల్లోనే పాడయ్యేది. ఆటగాళ్లు దీన్నే బ్రిక్ అయింది అంటారు. ఆ వస్తువు ఎక్కడిది? ఎన్నో రాత్రులు తిరిగితే, మూడు గుణాలూ సరిగ్గా కుదిరి, అందులో ఒకటి గ్రేటర్ (మామూలుకంటే బలమైనది) అయ్యి, నక్షత్రం గుర్తుతో మెరుస్తూ పడింది. చేతికందింది నోటికందలేదు అనడానికి ఇంతకంటే అచ్చమైన సందర్భం నాకు తోచదు.

మాస్టర్‌వర్కింగ్ ఇంకో తమాషా. వస్తువుని పన్నెండు మెట్లు ఎక్కించాల్సి వచ్చేది. ప్రతి మెట్టుకీ గుణాలన్నీ కొంచెం పెరిగేవి. నాలుగు, ఎనిమిది, పన్నెండు మెట్ల దగ్గర మాత్రం ఏదో ఒక గుణం ఒకేసారి 25 శాతం పెరిగేది. ఏ గుణం? పాచిక. వస్తువు మీద ఉన్నవి మూడు, టెంపరింగ్‌తో చేర్చినవి రెండు, మొత్తం ఐదు. మూడుసార్లూ మనకి కావలసిన గుణం మీదే పడాలంటే 125లో ఒక వంతు. తప్పితే సున్నాకి దించి మళ్లీ ఎక్కించే వీలుండేది, ఆబ్డ్యూసైట్, ఇంగోలిత్, నీథిరాన్ అనే ఖనిజాలు మళ్లీ పోసుకుని. తప్పినప్పుడల్లా వెంటనే దించేసే పద్ధతిలో లెక్క కడితే, మూడూ వరుసగా కుదరడానికి సగటున 155 సార్లు ఆ పెద్ద మెట్టు ఎక్కాల్సి వచ్చేది. ఇది ఒక్క వస్తువుకి. ఒంటి మీద ఇంకా బోలెడున్నాయి.

లెక్క పెద్దదని కాదు నా అభ్యంతరం. ఆ 155 సార్లలో నేను తీసుకోవలసిన నిర్ణయం ఒక్కటైనా ఉందా? తప్పితే దించు, కుదిరితే ఎక్కించు. ఇది నాలుగు వరుసల ప్రోగ్రాము చేయగల పని. నన్ను కూర్చోబెట్టి చేయించారు. ఆ ఖనిజాల కోసం దిగాల్సి వచ్చిన పిట్ అనే నేలమాళిగ మాత్రం బాగుండేది, అక్కడ చేతి నేర్పు కావాలి, బిల్డ్ సత్తా తెలుస్తుంది. ఆ పోరాటంలో గెలుచుకున్నదంతా తెచ్చి ఈ గుండిగలో పోయాల్సి వచ్చేది.

లాస్ట్ ఎపోక్ 2024 ఫిబ్రవరిలో పూర్తి రూపంలో వచ్చింది. ఇందులో మామూలు తయారీ నాకు తెలిసినంతలో ఈ జాతి ఆటలన్నిటిలోకీ తెలివైనది. ప్రతి వస్తువుకీ ఫోర్జింగ్ పొటెన్షియల్ అని కొంత నిల్వ ఉంటుంది, చేసే ప్రతి మార్పూ దాన్ని కొంత తింటుంది. ఎంత తింటుందన్నదే పాచిక. ఏ గుణం పెంచాలో నా ఇష్టం. నిల్వ తగ్గుతుంటే ఇక్కడితో ఆగాలా, ఇంకొకటి లాగాలా అన్న గుంజాటన ప్రతి నొక్కుకీ ఉంటుంది. అచ్చం పదమూడు ముక్కలే. అదే ఆటలో టెంపోరల్ శాంక్టమ్ అనే నేలమాళిగ ఉంది. అక్కడి బాసు జుల్రాని చంపి, యూనిక్ (ప్రత్యేక శక్తి ఉన్న) వస్తువునీ మంచి ఎగ్జాల్టెడ్ (పెద్ద అంకెల గుణాలున్న) వస్తువునీ పెట్టెలో పెడితే రెండూ కలిసి లెజెండరీ అవుతుంది. యూనిక్ మీద లెజెండరీ పొటెన్షియల్ (ఎన్ని గుణాలు దాటగలవన్న అంకె) ఒకటి ఉంటే, ఎగ్జాల్టెడ్ మీది నాలుగు గుణాల్లో ఒకటి దాటుతుంది. ఏది? చెప్పక్కర్లేదు కదా. రెండుంటే, కోరుకున్న రెండూ దాటే జత ఆరింటిలో ఒకటి. ఎగ్జాల్టెడ్ ఎలాగూ పోతుంది. అంత చక్కటి కమ్మరికొట్టం కట్టినవాళ్లే పక్కనే ఈ లాటరీ బల్ల ఎందుకు వేశారో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

మా పిన్ని కొడుకు ఈ ఆటలు నాకంటే ఎక్కువ ఆడతాడు. ఫోన్లో నేను ఇలా ఏకరువు పెడితే వాడి జవాబు ఎప్పుడూ ఒకటే. "అన్నా, గ్రైండే ఆట. అది పోతే ఇంకేముంటది? అన్నీ ఎంచుకుని తీసుకునేటట్టుంటే మూడు రోజుల్ల అయిపోతది, తర్వాత నువ్వే బోరు కొడుతుంది అంటవ్."

వాడి మాట తీసిపారేసేది కాదు. నిజానికి పాత్ ఆఫ్ ఎగ్జైల్ చేసిన గ్రైండింగ్ గేర్ గేమ్స్ వాదనా ఇదే. 2020లో వాళ్లు హార్వెస్ట్ లీగ్ తెచ్చారు. తోటలో విత్తనాలు నాటాలి, మొలిచిన వాటిని చంపాలి, ప్రతిఫలంగా వస్తువు మీద ఫలానా జాతి గుణం తీసి ఫలానా జాతి గుణం పెట్టే అవకాశం వచ్చేది. జనం పండగ చేసుకున్నారు. మరుసటి ఏడాది కంపెనీ దాన్ని బాగా కత్తిరించింది. తయారీ అంత ఖాయమైపోతే నేల మీద పడే వస్తువుకి విలువ లేకుండా పోతుందని, వస్తువు దొరకడంలోని సంబరమే ఈ ఆటకి ప్రాణమని వాళ్ల లెక్క. అందులో నిజం ఉంది. ఏ కత్తినైనా నచ్చినట్టు చెక్కుకోగలిగితే నేల మీది కత్తి ఎందుకు ఎత్తుతాను?

కానీ ఆ సంబరం ఇప్పుడుందా? వ్యాసం మొదట్లో చెప్పిన ఫిల్టర్ దాన్ని ఎప్పుడో దాచేసింది. ఎండ్‌గేమ్‌లో మెరిసేది ఎక్కువగా కరెన్సీ ఆర్బులు (ఆటలో డబ్బులా చెల్లే గోళాలు), వాటిని పోగుచేసి ఎవరి దగ్గరో తయారైన వస్తువు కొనుక్కోవడం. మా తమ్ముడి మాటలో నాకు కనిపించే తిరకాసు ఇంకొకటి. గ్రైండ్ అంటే వాడి మనసులో ఉన్నది రాక్షసుల్ని చంపడం, చంపే వేగం పెంచుకోవడం, కష్టమైన బాసుని పడగొట్టడం. దాన్ని నేను ఎక్కడ వద్దన్నాను? ఇంకా వంద గంటలు పెట్టమను, పెడతాను. ఆ వంద గంటలకీ వస్తువుకీ మధ్య ఒక నిర్ణయమైనా ఉండాలంటున్నాను.

అదే కంపెనీ అదే ఆటలో ఈ ముడి ఒకచోట చక్కగా విప్పింది, అది చాలామంది పట్టించుకోరు. కవచానికి ఆరు రంధ్రాలనీ కలిపి ఒకే గొలుసు చేయాలంటే ఆర్బ్ ఆఫ్ ఫ్యూజింగ్ వాడాలి. ఒక్కో ఆర్బుకీ గొలుసు ఎలా పడుతుందో అదృష్టం. పదితో అయిపోయినవాడూ ఉంటాడు, మూడు వేలు పోసి నెత్తి పట్టుకున్నవాడూ ఉంటాడు. కానీ క్రాఫ్టింగ్ బెంచ్ మీద ఇంకో దారి ఉంది: 1500 ఆర్బులు ఒకేసారి కడితే ఆరూ ఒకే గొలుసవడం ఖాయం, పాచిక లేదు. ఇప్పుడు చూడండి ఏమైందో. దగ్గర ఆరువందలు చేరాయి. ఇప్పుడే వేసి అదృష్టం చూసుకోవాలా, పదిహేను వందల దాకా ఓపిక పట్టాలా? ఆరువందలూ పోతే ఖాయమైన దారి మళ్లీ మొదటి నుంచి. అదే పాచిక, అదే అరుదు, కానీ నాకు ఆలోచించాల్సిన పని దొరికింది. పాచికని తీసేయలేదు, పక్కన ఒక ధర రాసిపెట్టారు, అంతే.

పాచికకి పైకప్పు లేకపోతే ఏమవుతుందో సగటు చెప్పదు. నూటికి ఒక్కసారి పడే వస్తువు ఉందనుకోండి. వందసార్లు ప్రయత్నిస్తే వచ్చేస్తుందని మనసు అనుకుంటుంది. లెక్క ప్రకారం వందసార్ల తర్వాత కూడా 37 మందికి దక్కదు, నూటికి. మూడు వందల సార్ల తర్వాత ఇంకా ఐదుగురు ఉత్తచేతులతో తిరుగుతుంటారు. ఆ ఐదుగురూ మిగతావాళ్లకంటే తక్కువగా ఆడలేదు, చెడ్డగా ఆడలేదు. డిజైనర్ బల్ల మీద సగటు ఆటగాడికి వారం అని కనిపించే అంకె వాళ్ల ఇళ్లలో నెల అవుతుంది. పైగా సీజన్ మూడు నెలలకి అయిపోతే మళ్లీ అందరూ సున్నా నుంచే.

ఇక్కడ సిగ్గుపడాల్సిన పోలిక ఒకటుంది. గాచా ఆటల్ని, అంటే డబ్బు పెట్టి పాత్రల లాటరీ లాగించే ఆటల్ని, మనం జేబుదొంగలంటాం, తప్పులేదు. గెన్షిన్ ఇంపాక్ట్‌లో ఐదు నక్షత్రాల పాత్ర పడే అవకాశం 0.6 శాతం. అయినా తొంభయ్యో లాగుకి ఐదు నక్షత్రాలది ఒకటి ఖాయం. ఎంత దురదృష్టవంతుడైనా అక్కడికి ఆగుతుంది. ఆ అంకెలు ఆటలోనే రాసుంటాయి కూడా, చైనా ప్రభుత్వం 2017 నుంచి బయటపెట్టి తీరాలంది మరి. డబ్బు గుంజడానికే పుట్టిన ఆట దురదృష్టానికి ఒక హద్దు గీసింది. ముందే పూర్తి ధర కట్టించుకున్న ఆటలు అనేకం ఆ హద్దు గీయవు, అవకాశం ఎంతో చెప్పవు. నా టైముకి ఆ ఆటల దృష్టిలో ధర లేదని కదా దీనర్థం?

హద్దు గీయడం కష్టమైన విద్యేమీ కాదు. వార్‌క్రాఫ్ట్ 3 కాలం నుంచే ఉంది, డోటా 2 దాన్నే వాడుతుంది: ప్రత్యేక దెబ్బ తగలని ప్రతిసారీ తర్వాతిసారి తగిలే అవకాశం కొంచెం పెరుగుతుంది, తగలగానే మళ్లీ మొదటికి. సగటు మారదు. చివరన చిక్కుకుపోయే ఆ ఐదుగురు మాత్రం బయటపడతారు. ఒక గొడ్డలి దెబ్బకి చూపించిన కరుణ, నెలరోజుల వెతుకులాటకి ఎందుకు చూపించరు?

కొనుక్కోవచ్చు కదా అనేవాళ్లకి డయాబ్లో 3 కథ చాలు. 2012లో వచ్చినప్పుడు వేలంశాల ఉండేది, అసలు డబ్బుతో కొనే వేలంశాల కూడా. డ్రాపులేమో మంత్రగాడి దండం మీద కండబలం లాంటి గుణాలతో పడేవి. దాంతో సామాను వెతకాల్సిన ఆట సామాను కొట్టుకి వెళ్లే ఆటైపోయింది. ఆటని అది దెబ్బతీసిందని దాని డైరెక్టర్‌గా పనిచేసిన జే విల్సనే మరుసటి ఏడు ఒప్పుకున్నారు. వేలంశాలని 2014 మార్చి 18న మూసేశారు.

ఆ ఆటే తర్వాత నాకు అన్నిటికంటే ఇష్టమైన జవాబు ఇచ్చింది, అదీ 2015లో, కనాయ్ క్యూబ్ రూపంలో. దాదాపు ఏ లెజెండరీనైనా అందులో వేసి దాని ప్రత్యేక శక్తిని పిండుకోవచ్చు. వస్తువు పోతుంది, శక్తి ఉండిపోతుంది. ఆయుధానికొకటి, కవచానికొకటి, నగకొకటి, మూడు శక్తులు ఒకేసారి తొడుక్కోవచ్చు. అన్నిటికంటే ముఖ్యం, పిండిన శక్తి ఎప్పుడూ దాని గరిష్ఠ స్థాయిలోనే వస్తుంది. ద ఫర్నెస్ అనే పెద్ద గద ఉంది, ఎలీట్ల (బలమైన రాక్షసుల) మీద దెబ్బ పెంచుతుంది. అంతకుముందు అది తక్కువ అంకెలతో పడితే తిట్టుకుంటూ కరిగించేవాళ్లం. క్యూబ్ వచ్చాక ఎంత నాసిగా పడినా సరే, సంచీలో వేసుకుని ఊళ్లోకి పరిగెత్తేవాళ్లం. పసుపు (లెజెండరీ కంటే కింది రకం) వస్తువుని క్యూబ్‌లో వేసి అదే జాతి లెజెండరీగా మార్చే దారీ పెట్టారు. కావలసింది గద అయితే గదలే వెయ్యొచ్చు. ఏ గద వస్తుందో తెలియదు. ఏ జాతి మీద నా డెత్స్ బ్రెత్‌లు (తయారీకి కావలసిన ముడిసరుకు) ఖర్చుపెట్టాలో నేను తేల్చుకోవాలి.

రెండేళ్లకి వాళ్లే ప్రైమల్ ఏన్షియంట్లు (గుణాలన్నీ గరిష్ఠంగా ఉండే అత్యంత అరుదైన లెజెండరీలు) తెచ్చి మళ్లీ మూడు ముక్కలు పంచడం మొదలుపెట్టారు. అది వాళ్ల జబ్బు.

డయాబ్లో 4 ఆనాటి మాస్టర్‌వర్కింగ్‌లో ఆ మూడు పెద్ద మెట్లలో ఒక్కదాన్ని, ఎనిమిదోదాన్ని అనుకుందాం, ఆటగాడి ఇష్టానికి వదిలారనుకోండి. 125 కాస్తా 25 అవుతుంది. పాచిక పోలేదు, అరుదూ పోలేదు. కానీ నాలుగో మెట్టు తప్పు గుణం మీద పడినప్పుడు ఎదురుగా ఒక ప్రశ్న ఉంటుంది: దించేయాలా, లేక ఎనిమిదో మెట్టు కూడా ఆ అనుకోని గుణానికే ఇచ్చి బిల్డ్‌ని అటు తిప్పి చూడాలా? రెండో దారిలో ఏముందో ఏ గైడులోనూ రాసి ఉండదు. నేనైతే కనీసం ఒక్కసారి అటే వెళ్తాను.